నాలుగు మందుల టీబీ మాత్ర: పర్లాకిమిడి వైపు వాడేవాళ్ల కోసం

ధర: సర్కారు ఆసుపత్రిలో ఉచితం. మార్కులు: ఐదుకి నాలుగు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడల్లో మందులకు లొంగే మామూలు టీబీ అని తేలిన పెద్దవాళ్ల చేతికి ముందుగా వచ్చేది ఈ ఇటుకరంగు మాత్రే. ఒక్కోదాంట్లో ఐసోనియాజిడ్ 75, రిఫాంపిసిన్ 150, పైరజినమైడ్ 400, ఇథాంబుటాల్ 275 మిల్లీగ్రాములు. రెండు నెలలు ఇది, తర్వాత నాలుగు నెలలు పైరజినమైడ్ తీసేసిన మూడు మందుల మాత్ర. లెక్క బరువును బట్టి: 25–34 కిలోలకు రెండు, 35–49కి మూడు, 50–64కి నాలుగు, 65–75కి ఐదు. ఆ రోజు మాత్రలన్నీ ఒకేసారి వేసుకోవాలి. నెలనెలా తూకం చూపించుకోండి. ఒంటికి తిండి పట్టి బరువు పై మెట్టుకు చేరితే మాత్రల లెక్కా మారాలి. చాలామంది మొదటిరోజు రాసిచ్చిన లెక్కతోనే చివరిదాకా లాగించేస్తారు.

ఒక్క మార్కు ఎక్కడ తగ్గిందంటే, ఈ నాలుగు మందులదీ గిల్లికజ్జాల కాపురం. 1965లో మిలాన్‌లోని లెపెటిట్ కంపెనీ రసాయనవేత్తలు రిఫాంపిసిన్ తయారుచేశారు. అంతకుముందున్న రిఫామైసిన్ నోటితో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టేది కాదు. వాళ్లు ఆ అణువు మూడో స్థానంలో హైడ్రజోన్ అనే రసాయన కొమ్మ ఒకటి అంటుకట్టారు, దాంతో మింగే మందయింది. తీరా చూస్తే కడుపులోని ఆమ్లానికి విరిగేదీ ఆ కొమ్మే. విరగ్గానే పక్కనున్న ఐసోనియాజిడ్ వచ్చి ఆ ఖాళీలో అతుక్కుంటుంది, అప్పుడు విరగడం ఇంకా జోరందుకుంటుంది. ఎక్కువ నష్టం రిఫాంపిసిన్‌కే. ఆరు నెలల్లో వైద్యం ముగుస్తోందంటే దాని చలవే మరి.

అందుకే పరగడుపున వేసుకోమనేది. అన్నంతో కలిస్తే మాత్ర ఆమ్లంలో ఎక్కువసేపు నానుతుంది, ఒంటికి తక్కువ పడుతుంది. పొద్దున్నే చోడి అంబలి తాగే ఇళ్లలో ముందు మాత్ర, గంటాగి అంబలి. తిన్నాక వేసుకోవాలంటే రెండు గంటలు ఆగాలి. కడుపు మంటకని తాగే గ్యాస్ మందు మాత్ర వేసుకున్న గంటలోపల వద్దు.

రెండో శత్రువు తేమ. ఇథాంబుటాల్ గాలిలోని తడిని పీల్చుకుని పక్క మందుల్నీ చెడగొడుతుంది. శ్రావణ భాద్రపదాల ముసురులో వారానికి సరిపడా మాత్రలు ఒలిచి స్టీలు డబ్బాలో పోసుకోవడం పెద్ద పొరపాటు. ఏ రోజువి ఆ రోజే అట్ట చింపండి. ఉబ్బినవి, మచ్చలు పడ్డవి, పొడిరాలేవి తిరిగిచ్చి కొత్తవి అడగండి.

ఇన్ని పేచీలున్నప్పుడు విడివిడిగా ఇవ్వొచ్చుగా అంటే, విడిగా ఇస్తే వికారం పుట్టించేదాన్ని పక్కన పడేసి మిగతావి మింగుతారు. ఒంటరి మందుకు టీబీ క్రిమి ఇట్టే మొండికేస్తుంది. స్ట్రెప్టోమైసిన్‌తోనే 1940ల్లో ఆ సంగతి తెలిసింది. కలిపి కొట్టడమే మేలు.

మూత్రం నారింజ రంగులో వస్తే కంగారొద్దు, అది రిఫాంపిసిన్ రంగు. కీళ్లనొప్పులు పైరజినమైడ్ పని. యూరిక్ ఆమ్లాన్ని బయటికి పోనివ్వదు. అరికాళ్ల తిమ్మిరి రాకుండా రోజుకు 10 మిల్లీగ్రాముల బీ6 విటమిన్ ఇస్తారు, ఇవ్వకపోతే అడగండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోయినా, కళ్లు పచ్చబడి వాంతులైనా మాత్ర ఆపి ఆరోజే ఆసుపత్రికి వెళ్లాలి. కాలేయం మీద అసలే బరువుంది, జీలుగు కల్లు ఈ ఆరు నెలలూ మానాల్సిందే. గర్భనిరోధక మాత్రలు వాడే ఆడవాళ్లు వేరే పద్ధతి అడగాలి. రిఫాంపిసిన్ వాటి బలం తీసేస్తుంది.

పనికి విశాఖ వెళ్లేవాళ్లు సర్కారు టీబీ నమోదులో మీకిచ్చిన నిక్షయ్ నంబరు రాసుకుని వెళ్లండి, కేసు అక్కడికి బదిలీ అవుతుంది. నెలకు 1000 రూపాయల పోషకాహార సొమ్ముకూ ఆ నంబరే ఆధారం.

రిఫాంపిసిన్‌కు లొంగని టీబీ అయితే ఈ మాత్ర దండగ. దానికి బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్ససిన్‌ల 26 వారాల కోర్సుంది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్ తిండితోనే వేసుకోవాలి, ఇక్కడి నియమానికి సరిగ్గా తలకిందులు. పైగా రిఫాంపిసిన్ తగిలితే కాలేయం బెడాక్విలిన్‌ను త్వరగా కరిగించేస్తుంది. ఒకే ఇంట్లో ఇద్దరికి చెరో కోర్సు నడుస్తుంటే రెండు డబ్బాలూ వేర్వేరు గూళ్లలో పెట్టండి.