మామిడి తొక్క పొడా, టెంకలోని జీడి పిండా?

విశాఖలో మే నెలలో జ్యూస్ బండి వెనక చూడండి: సువర్ణరేఖ తొక్కలు ఒక కుప్ప, టెంకలు ఇంకో కుప్ప. మామిడిపండు బరువులో మూడో వంతుకు పైగా ఇలా పోతుంది. వీటితో చిన్న యూనిట్ పెట్టాలనుకుంటే ముందు ఏది పట్టుకోవాలి?

తొక్క పని తేలిక. కడిగి, ముక్కలు కోసి, ఆరబెట్టి, పొడి కొడితే చాలు. పీచు, పెక్టిన్ (జామ్‌ను గడ్డకట్టించే పదార్థం) బాగా ఉంటాయి కాబట్టి బిస్కెట్ పిండిలో కొద్దిగా కలపొచ్చు. ఎక్కువైతే చేదు. అసలు టెన్షన్ మన సముద్రపు గాలితో: ఆ తేమలో ఒక్కరోజు ఆలస్యమైనా బూజే. డాబా మీద ఎండను నమ్ముకోవద్దు, డ్రయ్యర్ కావాలి. సొన పడనివాళ్లకు దురద రావచ్చు, పురుగుమందుల అవశేషాలు కూడా తొక్క మీదే ఎక్కువ. పరీక్ష చేయించకుండా అమ్మకూడదు.

టెంక మొండిది. పగలగొట్టి లోపలి జీడి, అంటే మామిడి పప్పు, తీయడానికే సగం ఓపిక అయిపోతుంది. కానీ విలువ అక్కడే ఉంది. మన్యంలో ఆ జీడిని దంచి, నీళ్లలో నానబెట్టి, వగరు పోగొట్టి అంబలి కాచుకోవడం పాత అలవాటే. జీడిలోని కొవ్వు గది వేడిలో మెత్తని గడ్డలా ఉండి, నోట్లో కరుగుతుంది. అందుకే చాక్లెట్‌లో కోకో బటర్‌కు (కోకో గింజల కొవ్వుకు) తోడుగా దాన్ని యూరప్ చట్టం 2000లోనే ఒప్పుకుంది. అయితే కొవ్వు తీయడానికి పెద్ద యంత్రాలు, టన్నుల్లో సరుకు కావాలి.

నేనైతే తొక్కతో మొదలుపెడతాను. టెంకలు పారేయను, ఎండబెట్టి నూనె తీసేవాళ్లకు అమ్ముతాను.