వీడియో ఎడిటింగ్‌కి ల్యాప్‌టాప్ స్క్రీన్: ఐపీఎస్సా, ఓలెడ్డా?

షాపులో ఐపీఎస్ (వెనక లైటు వెలిగే ఎల్‌సీడీ తెర), ఓలెడ్ (చుక్క చుక్కా సొంతంగా వెలిగే తెర) పక్కపక్కన పెడితే ఎవరి చూపైనా ఓలెడ్ మీదకే పోతుంది. నలుపు నల్లగా ఉంటుంది, రంగులు మెరిసిపోతాయి. కానీ ఎడిటర్‌కి కావాల్సింది మెరుపు కాదు, ఫుటేజీలో ఉన్నది ఉన్నట్టు కనబడటం.

పెళ్లి వీడియోనే తీసుకోండి. అది చివరికి ఆడేది యూట్యూబ్‌లో, ఇంట్లో టీవీలో. వాటికి రెక్ 709 (హెచ్‌డీ వీడియోకి వాడే రంగుల ప్రమాణం) చాలు. దాని రంగుల పరిధి, కంప్యూటర్లలో, వెబ్‌లో వాడే ఎస్ఆర్‌జీబీ పరిధి ఒకటే. ఓలెడ్ ప్యానెళ్లు ఎక్కువగా అంతకన్నా పెద్దదైన, సినిమా కోసం చేసిన డీసీఐ-పీ3 పరిధికి తగ్గట్టు వస్తాయి. ఎస్ఆర్‌జీబీ మోడ్ (తెరని ఆ చిన్న పరిధికే కట్టేసే సెట్టింగ్) పెట్టకుండా కూర్చుంటే పెళ్లికూతురి చీర ఎర్రంచు భగ్గుమంటుంది, పసుపు నారింజలోకి జారుతుంది. మీరేమో శాచురేషన్ (రంగుల గాఢత) తగ్గిస్తారు. అదే వీడియో టీవీలో వేస్తే తలంబ్రాల సీనంతా వెలిసిపోయినట్టుంటుంది. అందుకే ఓలెడ్ కొనేముందు ఎస్ఆర్‌జీబీ మోడ్ ఉందో లేదో సెట్టింగ్స్‌లో తెరిచి చూడండి. లేకపోతే నా ఓటు మంచి ఐపీఎస్‌కే.

మంచి ఐపీఎస్ అన్నాను, ఏదో ఒక ఐపీఎస్ అనలేదు. స్పెసిఫికేషన్‌లో '45% ఎన్‌టీఎస్‌సీ' (పాత టీవీ రంగుల పరిధిలో 45 శాతం) అని కనిపిస్తే పక్కన పెట్టేయండి. అది ఎస్ఆర్‌జీబీలో సుమారు మూడింట రెండు వంతులే చూపిస్తుంది. బడ్జెట్ గేమింగ్ ల్యాప్‌టాప్‌ల్లో గ్రాఫిక్స్ కార్డు ఘనంగా ఉండి, స్క్రీన్ దగ్గర ఇలా పీనాసితనం చూపించడం మామూలే. 100% ఎస్ఆర్‌జీబీ, కనీసం 300 నిట్స్ వెలుగు, డెల్టా ఈ (రంగు అసలుకి ఎంత తేడాగా ఉందో చెప్పే అంకె) 2 లోపు: ఇవి ఉంటే చాలు.

చీకటి సీన్లు, షార్ట్ ఫిల్మ్‌లు ఎక్కువగా చేస్తే మాత్రం ఓలెడ్‌దే పైచేయి. ఐపీఎస్‌లో నలుపు కాస్త బూడిదగా తేలిపోతుంది కాబట్టి నీడల్లో ఏముందో తేల్చుకోవడం కష్టం. అయితే టైమ్‌లైన్, టూల్‌బార్ రోజూ గంటల తరబడి ఒకే చోట ఉండిపోతే ఓలెడ్ మీద వాటి మచ్చ పడే ప్రమాదం ఉంది. తక్కువ బ్రైట్‌నెస్‌లో వచ్చే సన్నని ఫ్లికర్‌తో కొందరికి కళ్లు లాగుతాయి.

హెచ్‌డీఆర్ (వెలుగునీడల తేడా బాగా ఎక్కువగా చూపించే వీడియో) పనే ఎక్కువైతే మినీ ఎల్ఈడీ (వెనక లైటుని చిన్న చిన్న భాగాలుగా పెంచి తగ్గించే ఎల్‌సీడీ) చూడొచ్చు. 2021 చివర్లో వచ్చిన 14, 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రోల్లో అదే ఉంది, రెక్ 709కి విడిగా రిఫరెన్స్ మోడ్ (తెరని ఆ ప్రమాణానికి కుదిర్చే సెట్టింగ్) కూడా ఇచ్చారు. నల్ల తెర మీద తెల్ల టైటిల్స్ వేస్తే అంచుల్లో వెలుగు చిమ్ముతుంది, అదొక్కటే చికాకు.

ఐపీఎస్ కొని డబ్బు మిగిలితే కాలిబ్రేటర్ (తెర రంగుల్ని కొలిచి సరిచేసే పరికరం) కొనండి. ఏ స్క్రీన్ అయినా సరే, గ్రేడింగ్‌కి (వీడియో రంగులు దిద్దడానికి) కూర్చునే ముందు నైట్ లైట్, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి.