లోడు మీద ఆగిపోయే పాత పికప్‌కి సక్షన్ గేజ్ కిట్: జేసీ రోడ్డులో దొరికే సామాను మీద రివ్యూ

చిత్తూరు నుంచి మొగిలి ఘాటు ఎక్కి బెంగళూరు వచ్చే పాత డీజిల్ పికప్‌లలో ఈ జబ్బు చాలా మామూలు. ఖాళీగా ఉంటే బండి ఎంత దూరమైనా పోతుంది. టమోటా లోడు పడిందంటే ఎత్తులో గుంజి గుంజి, లాగుడు పోయి ఆగిపోతుంది. పక్కన పెట్టి పది నిమిషాలు ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. గ్యారేజీకి తీసుకెళ్తే మొదట వినపడే మాట “పంపు విప్పాలి” అని, అంటే ఇంజిన్‌కి డీజిల్ కొట్టే ఇంజెక్షన్ పంపు. పంపు కాలిబ్రేషన్ చేయించి, నాజిళ్లు మార్పించి, బిల్లు కట్టాక కూడా అదే ఎత్తులో ఆగే బండ్లు ఉన్నాయి. ఎందుకంటే లోపం చాలాసార్లు పంపులో ఉండదు, ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్ వచ్చే దారిలో ఉంటుంది. ఆ సంగతి తేల్చడానికి పనికొచ్చే సామాను సక్షన్ గేజ్, అంటే పైపులో లాగుడు (వ్యాక్యూమ్) ఎంతుందో చూపే మీటరు. బెంగళూరు జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో పేరూ ఊరూ లేని అట్టపెట్టెలో దొరుకుతుంది. ధర డీజిల్ ఫిల్టరు కంటే ఎక్కువే, కానీ పంపు ఓవర్‌హాల్ ఖర్చు పక్కన పెడితే లెక్కలోకే రాదు.

ముందే చెప్పాలి, ఇది డీజిల్ బండ్ల కోసం చేసింది కాదు. కార్బ్యురేటర్ ఉన్న పెట్రోల్ ఇంజిన్లకు మానిఫోల్డ్ వ్యాక్యూమ్, ఫ్యూయల్ పంపు ప్రెషర్ చూడటానికి చేసింది. డయల్ మీద ఒక వైపు 0 నుంచి 30 అంగుళాల (పాదరసం లెక్కలో) వ్యాక్యూమ్, ఇంకో వైపు 10 పీఎస్ఐ దాకా ప్రెషర్ ఉంటాయి. డయల్‌తో పాటు ఒక మీటరు రబ్బరు పైపు, రెండు మూడు ప్లాస్టిక్ టీలు (T ఆకారపు మూడు మూతుల జాయింట్లు), కోను ఆకారపు అడాప్టర్లు వస్తాయి. వీటిలో డయల్ ఒక్కటే ఉంచుకోదగ్గది. ఆ రబ్బరు పైపు డీజిల్ తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ప్లాస్టిక్ టీ క్లిప్పు బిగించగానే చిట్లి గాలి పీలుస్తుంది, అంటే లేని జబ్బును గేజే పుట్టిస్తుంది. కాబట్టి అదే రోడ్డులో బండి పైపు సైజుకి సరిపోయే ఇత్తడి టీ (ఎక్కువ పికప్‌లకు 8 లేదా 10 మిల్లీమీటర్లు), డీజిల్‌కి పనికొచ్చే పైపు రెండున్నర మీటర్లు, జానెడు పారదర్శక పైపు ఒకటి, ఆరు స్క్రూ క్లిప్పులు తీసుకోండి. ఇవన్నీ లేకుండా కిట్ కొని లాభం లేదు.

గేజ్ సరిగ్గా ఉందో లేదో ఏసీ మెకానిక్ దగ్గరి వ్యాక్యూమ్ పంపుతో చూసుకోవచ్చు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. అందుకే ఇక్కడ పూర్తి వ్యాక్యూమ్‌లో సూది 27 దగ్గరే ఆగుతుంది. చెన్నైలో అదే గేజ్ 30 దగ్గరకు పోతుంది. 27 చూసి గేజ్ పాడనుకుని వెనక్కి ఇవ్వకండి. మనకు కావలసిన కొలత 0 నుంచి 12 లోపే. ఆ భాగంలో సూది సాఫీగా కదిలి, వదిలేస్తే సున్నాకి తిరిగి రావాలి.

బిగించే చోటు ముఖ్యం. ఇన్‌లైన్ పంపు (సిలిండర్‌కొక ప్లంజర్ వరుసగా ఉండేది) ఉన్న బండిలో, పంపు పక్కనే ఉండి ట్యాంకు నుంచి డీజిల్ లాగి ఇచ్చే ఫీడ్ పంపుకి డీజిల్ వచ్చే పైపులో టీ వేయాలి. రోటరీ పంపు (తిరుగుతూ అన్ని సిలిండర్లకూ ఒక్కటే పంచేది) ఉండి, విడిగా ఫీడ్ పంపు లేని బండిలో ఫిల్టరు దాటాక, పంపు ఇన్లెట్ ముందు వేయాలి. టీ తర్వాత పారదర్శక పైపు ముక్క. గేజ్ పైపును క్యాబిన్ లోపలికి తేవద్దు, అందులోకి డీజిల్ రావచ్చు. బానెట్ సందులోంచి తీసి, గేజ్‌ను అద్దం బయట టేపుతో అంటించండి, లోపలి నుంచే కనిపిస్తుంది. పైపు సైలెన్సరుకి, ఫ్యాన్‌కి దూరంగా పోవాలి. బిగించాక హ్యాండ్ ప్రైమర్‌తో (చేత్తో కొట్టి డీజిల్ లాగే చిన్న పంపు) గాలి తీసి, స్టార్ట్ చేసి, పది నిమిషాలు ఐడిల్‌లో ఉంచండి. ఆ తర్వాత బండి ఎప్పుడూ మోసే బరువే వేసి, పక్కన ఒకరిని కూర్చోబెట్టుకుని ఎత్తు ఎక్కించండి. ఖాళీ బండితో చేసే పరీక్ష ఏమీ చెప్పదు, పంపు నిండుగా డీజిల్ లాగేది లోడు మీదే.

ఐడిల్‌లో సూది ఒకటి రెండు అంగుళాల దగ్గర ఉంటుంది. ఎత్తులో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు నాలుగైదు లోపే ఉంటే దారి శుభ్రంగా ఉన్నట్టు. 8 దాటితే అడ్డం ఉంది. 10, 12 దాకా పోతూ ఇంజిన్ గుంజుతుంటే పంపు వైపు చూడనక్కర్లేదు. ఇవి అన్ని బండ్లకూ ఉజ్జాయింపుగా పనికొచ్చే కొలతలు. మీ బండి వర్క్‌షాప్ మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే లెక్క.

వ్యాక్యూమ్ ఎక్కువగా ఉంటే టీని వెనక్కి, ట్యాంకుకీ వాటర్ సెపరేటర్‌కీ (డీజిల్‌లోని నీళ్లు వేరుచేసేది) మధ్యకు మార్చి మళ్లీ ఎక్కించండి. అక్కడ తక్కువ చూపిస్తే అడ్డం సెపరేటర్ లేదా మొదటి ఫిల్టరులో ఉంది. అక్కడా ఎక్కువే అయితే ట్యాంకు వైపు. ఆగిపోయిన ఇంజిన్ పది నిమిషాల్లో తేరుకునే గుట్టు ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. ట్యాంకు అడుగున చేరిన తుప్పు, జిగురు మడ్డి సక్షన్ పైపు చివరి జాలికి అతుక్కుంటాయి, బోండాంలో స్ట్రా మొనకి లేత కొబ్బరి పట్టుకున్నట్టు. లాగుడు ఆగగానే మడ్డి రాలిపోతుంది, దారి తెరుచుకుంటుంది. ఫిల్టరు ఎన్నిసార్లు మార్చినా ఇది పోదు. ట్యాంకు దింపి కడగాలి.

ట్యాంకు దించే ముందు ఇంకో రెండు చూడండి. సూది పైకి పోయి ఇంజిన్ గుంజుతున్నప్పుడు బండి ఆపి, ఇంజిన్ నడుస్తుండగానే ట్యాంకు మూత వదులు చేయండి. బుస్సుమని గాలి లోపలికి పోయి సూది కిందికి దిగితే మూత గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. పని మూత మార్చడంతో అయిపోతుంది. రెండోది రబ్బరు పైపు లోపలి పొర. పాత పైపు బయటికి నున్నగా ఉన్నా, లోపలి పొర ఊడి, వేడెక్కాక లాగుడుకి ముడుచుకుంటుంది. చల్లగా ఉన్నంతసేపు సూది మామూలుగా ఉండి, ఇంజిన్ బాగా వేడెక్కాక ఉన్నట్టుండి ఎగబాకితే దీన్నే అనుమానించాలి.

ఇప్పుడు బుడగల సంగతి. చాలామంది తప్పుదోవ పట్టేది ఇక్కడే. పారదర్శక పైపులో బుడగలు కనపడగానే “ఎయిర్ పడుతోంది” అని క్లిప్పులన్నీ మార్చేస్తారు. కానీ డీజిల్‌లో కరిగి ఉన్న గాలి, వ్యాక్యూమ్ ఎక్కువైతే దానంతట అదే బుడగలుగా బయటికి వస్తుంది. కాబట్టి బుడగలను సూదితో కలిపి చదవాలి. సూది తక్కువలో ఉండి, ఐడిల్‌లోనే బుడగలు వస్తుంటే గాలి నిజంగా బయటి నుంచి వస్తోంది: బ్యాంజో బోల్టు (పైపు చివర బిగించే బోలు బోల్టు) రాగి వాషర్, క్లిప్పు, సెపరేటర్ మూత రింగు, ప్రైమర్. సూది 8 దాటాకే బుడగలు మొదలైతే అడ్డం తీయండి, బుడగలు వాటంతట అవే పోతాయి. సక్షన్ వైపు గాలి పీల్చే చోట డీజిల్ బయటికి కారకపోవచ్చు, అందుకే కంటికి దొరకదు. ఉదయం పూట సెల్ఫ్ ఎక్కువసేపు కొట్టాల్సి వస్తే, తెల్లపొగ వస్తే, ఆ గాలికి అదొక సాక్ష్యం. ట్యాంకు పావు వంతుకి దిగాక మాత్రమే, అదీ ఎత్తులోనే ఆగుతుంటే ట్యాంకు లోపలి సక్షన్ పైపు చిట్లి ఉండవచ్చు.

సూదీ తక్కువే, బుడగలూ లేవు, అయినా ఇంజిన్‌కి డీజిల్ అందట్లేదంటే ఈ కిట్ పని అయిపోయినట్టే. ఇన్‌లైన్ పంపు బండ్లలో రెండో ఫిల్టరు ఫీడ్ పంపు తర్వాత ఉంటుంది. అది మూసుకుపోయినా సక్షన్ గేజ్‌కి తెలియదు. ముందు ఆ ఫిల్టరు మార్చి, తర్వాత ఫీడ్ పంపు వాల్వులు చూపించండి. ఈ డయల్‌లో ప్రెషర్ వైపు ఉంది కదా అని ఫీడ్ పంపు తర్వాత బిగించవద్దు. అక్కడి ప్రెషర్ 10 పీఎస్ఐ దాటుతుంది, సూది ఒంగిపోతుంది. ఇదీ దాటాకే పంపు షాపు. ఇంజెక్షన్ పంపులు చేసే మైకో కంపెనీ పేరు 2008లో బాష్‌గా మారినా బెంగళూరు పంపు షాపుల్లో ఇంకా మైకో పంపే, ఆ పని తెలిసినవాళ్లకి ఇక్కడ కరువు లేదు.

ఒక రకం ఆగడాన్ని ఈ గేజ్ అసలు పట్టుకోదు. గుంజకుండా, తాళం తీసినట్టు ఒక్కసారిగా ఆగితే డీజిల్ కంటే కరెంటును అనుమానించాలి. తాళంతో ఆగే బండ్లలో పంపు మీది స్టాప్ సోలనాయిడ్ (కరెంటు ఉన్నంతసేపే డీజిల్‌ని పోనిచ్చే వాల్వు) వైరు నుంచి ఒక చిన్న 12 వోల్టుల బల్బు డ్యాష్‌బోర్డు దాకా లాగండి, మధ్యలో ఫ్యూజు పెట్టండి. ఇంజిన్ ఆగే క్షణంలో బల్బు ఆరిపోతే లోపం వైరింగులో, ఇగ్నిషన్ స్విచ్‌లో. వెలుగుతూనే ఉంటే వైరింగు తప్పు కాదు, ఇక సోలనాయిడ్‌ని, డీజిల్ దారిని చూడాలి. తాడు లాగి ఆపే బండికి ఈ పరీక్ష అక్కర్లేదు.

స్కానర్ (బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివేది) కొనడమా, ఇది కొనడమా అంటే మెకానికల్ పంపు బండికి స్కానర్ చదవడానికి ఏమీ ఉండదు. కామన్ రైల్ బండిలో (అన్ని నాజిళ్లకీ ‘రైలు’ అనే ఒకే హై ప్రెషర్ గొట్టం నుంచి డీజిల్ అందేది) స్కానర్ కావాలి. కానీ పీ0087 కోడ్ రైలులో ప్రెషర్ తక్కువ అని మాత్రమే చెబుతుంది. కారణం ఫిల్టరా, ట్యాంకా, పంపా అన్నది అక్కడా సక్షన్ వైపు కొలిస్తేనే తేలుతుంది. ట్యాంకులోనే ఎలక్ట్రిక్ పంపు ఉన్న బండిలో ఆ పైపులో ప్రెషర్ ఉంటుంది కాబట్టి ఈ గేజ్ వద్దు. కామన్ రైల్ ఇంజిన్ నడుస్తుండగా హై ప్రెషర్ పైపు నట్టు ఎవ్వరూ వదులు చేయకూడదు. వెయ్యి బార్ పైకి కూడా పోయే ఆ ప్రెషర్‌లో డీజిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది, చిన్న గాటులా కనపడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సిన గాయం.

పరీక్ష అయ్యాక టీని బండిలో వదిలేయకండి. అసలు పైపు కొత్త క్లిప్పులతో బిగించి, ప్రైమర్ కొట్టి, రాత్రంతా నిలబెట్టి, ఉదయం మొదటి సెల్ఫ్‌కే ఇంజిన్ అందుకుంటుందో లేదో చూసి లోడు ఎక్కించండి.