పాత పెర్కషన్ టార్గెట్ రైఫిల్: చెక్కడం చూస్తే చాలదు, అది అరిగిన తీరు చూడాలి

1850 ప్రాంతంలో జర్మనీలో తయారైన గురిపోటీ రైఫిల్ ఇది. హ్యామర్ ఒక చిన్న పేలుడు క్యాప్‌ను కొడితే పేలే రకం, దాన్నే పెర్కషన్ అంటారు. ఎనిమిది పలకల బరువైన బ్యారెల్, వాల్‌నట్ స్టాక్, దాని కొసన నల్ల కొమ్ము, రెండు ట్రిగ్గర్లు, భుజాన్ని పట్టేసే కొక్కెం లాంటి బట్‌ప్లేట్. లాక్‌ప్లేట్ (పేల్చే యంత్రాంగం, అంటే లాక్, బిగించిన పక్క పలక) నిండా చెక్కిన తీగలు, ఆకులు, మధ్యలో పరుగెత్తే దుప్పి. చాలా ఏళ్లు వాడాక కూడా ఆ దుప్పి దగ్గరే కన్ను ఆగుతుంది. కానీ ఇలాంటిది కొనేవాళ్లు ముందు చూడాల్సింది స్క్రూలను.

అసలు పనివాడు తీగను ప్లేటు మీద నుంచి స్క్రూ తల మీదుగా అవతలికి లాగి చెక్కుతాడు. స్క్రూ బిగించినప్పుడు గీత సరిగ్గా కలవాలి. కలవకపోతే స్క్రూ మారింది, లేదా ప్లేటు అరగదీశారు. స్క్రూ రంధ్రం అంచు గరాటులా లోపలికి వంగి ఉంటే అది పాలిష్ చక్రం చేసిన పనే. చేతులు తగిలి అరిగిన చెక్కడం పైకి తేలిన చోట్లే మెత్తబడుతుంది, మూలల్లో పదునుగానే ఉంటుంది. అన్ని చోట్లా సమానంగా పలచబడితే ఎవరో తోమేశారన్నమాట. మళ్లీ చెక్కిన గీత పాత మచ్చను కోసుకుంటూ పోతుంది, భూతద్దంలో తెలిసిపోతుంది. లోహం కంటే కర్ర పల్లంగా ఉంటే స్టాక్‌కు ఉప్పుకాగితం పడింది. ఇవన్నీ ధరను బాగా దించేస్తాయి. నా దృష్టిలో మసకబారినా ముట్టుకోని రైఫిలే మెరిసేదాని కంటే విలువైనది.

లాక్ లోపల చూడాల్సిన చిన్న భాగం ఒకటుంది, పేరు ఫ్లై. సెట్ ట్రిగ్గర్ (ముందే బిగించి పెడితే తేలిగ్గా తాకినా పేల్చేది) సియర్‌ను, అంటే ఎత్తిన హ్యామర్‌ను పట్టి ఉంచే మీటను, ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది. హ్యామర్ పడుతున్నప్పుడు సియర్ కొన, హ్యామర్‌ను సగం ఎత్తులో ఆపే గంటులో చిక్కకుండా దాటించేది ఈ ఫ్లైయే. అది పోతే గంటు అంచూ, సియర్ కొనా విరుగుతాయి. ఇలా పాడైన లాకులు చాలానే కనిపిస్తాయి. ఖాళీ నిపుల్ (క్యాప్ కూర్చునే చిన్న గొట్టం) మీద హ్యామర్ కొడితే నిపుల్ తల చదునై క్యాప్ కూర్చోదు. పాత నిపుల్ మరలు ఇప్పటి కొలతలకు కలవవు కాబట్టి లేత్ మీద కొత్తది చేయించుకుని, పాతదాన్ని నూనె రాసి దాచాలి. నిపుల్ రంధ్రం పెద్దదైతే మంట వెనక్కి తన్ని హ్యామర్‌ను లేపుతుంది.

పేల్చాలనుకుంటే ముందు ప్రూఫ్ పరీక్ష (బ్యారెల్ ఒత్తిడిని తట్టుకుంటుందో లేదో పేల్చి చూసేది) తప్పనిసరి. ఆ తర్వాత మెత్తటి సీసంతో బోర్ (బ్యారెల్ లోపలి రంధ్రం) కొలత తీసుకుని, గుండు దానికంటే 0.2 మిల్లీమీటర్లు తక్కువ, గుండుకు చుట్టే నూలు ప్యాచ్ 0.3 మిల్లీమీటర్ల మందం ఉండేలా మొదలుపెట్టండి. ప్యాచ్ పేలాక చిరిగి కింద పడితే మూతి దగ్గర గాడుల అంచులు పదునుగా ఉన్నాయనీ, కాలి పడితే ప్యాచ్ పలచనైందనీ అర్థం. బ్లాక్ పౌడర్ (పాతకాలపు నల్ల తుపాకి మందు) తప్ప మరేదీ వేయకూడదు. స్మోక్‌లెస్ పౌడర్ (నేటి తుపాకుల మందు) ఈ ఇనుమును చీల్చేస్తుంది. గుండు మందు మీద గట్టిగా ఆనాకే క్యాప్ పెట్టాలి, సెట్ ట్రిగ్గర్‌ను అప్పుడే బిగించాలి.

అదే రోజు కడగాలి. మందు మసి తేమను పీల్చుకుంటుంది, రాత్రికే తుప్పు మొదలవుతుంది. వేడినీళ్లు, ఆరబెట్టడం, నూనె. మర్నాడు మళ్లీ చూడటం. బ్రీచ్ (బ్యారెల్ వెనుక కొస) అడుగున మందు గది బోర్ కంటే సన్నగా ఉండేవాటిలో మామూలు బ్రష్ లోపలికి చేరదు, మసి అక్కడే మిగిలి గుంటలు పడతాయి. సన్నటి బ్రష్ వేరుగా పెట్టుకోవాలి. చెక్కడానికి నూనె తడిపిన మెత్తటి టూత్‌బ్రష్ చాలు. మెటల్ పాలిష్ మాత్రం ముట్టించకండి.

చెక్కడం కంటే ముందు జంటగా వచ్చే సామాను వెతకండి: గుండు అచ్చు, చిన్న రంధ్రం ఉండే వెనుక సైట్. సైట్ తరచుగా పోయి ఉంటుంది, కొత్తది చేసినా అంత ధర పలకదు.

జర్మనీలో 1871కి ముందు నమూనా ఒంటి గుండు పెర్కషన్ రైఫిల్‌ను 18 ఏళ్లు నిండినవారు లైసెన్సు లేకుండా కొనవచ్చు, కానీ మందు కొనడానికి వేరే అనుమతి కావాలి. భారత్‌లో 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 45 మినహాయింపు, మరమ్మతు చేసినా పేలని పాత తుపాకులకే. పేలే స్థితిలో ఉన్నదానికి లైసెన్సు ఉండాల్సిందే.