భీమవరంలో వీసా కాగితాల సెంటరు: ఫారానికి వెళ్లండి, ప్రయాణం సలహాకి వద్దు

సంక్రాంతి రెండు నెలలుందనగానే ఈ సెంటరులో కుర్చీలు ఖాళీ ఉండవు. కూర్చునేవాళ్లలో ఎక్కువమంది అమెరికాలో ఉద్యోగం చేసే పిల్లల అమ్మానాన్నలే. పాలకొల్లు, ఉండి, ఆకివీడు, నరసాపురం నుంచి పిల్లలు వాట్సాప్‌లో పంపిన కాగితాలు పట్టుకుని వస్తారు. ఆ పిల్లల ఉద్యోగ వీసా (హెచ్-1బి) కోసం ఇక్కడ చేసేవి మూడు పనులు: అమెరికా వీసా ఫారం డీఎస్-160 నింపడం, హైదరాబాద్ కాన్సులేట్‌కి స్లాటు (అపాయింట్‌మెంట్) తీయడం, విమానం టికెట్టు తీయడం. మొదటిది చాలా బాగా చేస్తారు. రెండోది ఫర్వాలేదు. మూడోది మాత్రం, పిల్లలు ఈమధ్యే కంపెనీ మారి ఉంటే, వీళ్ల మాట మీద చేయించుకోకండి.

ముందు బాగున్నది చెప్పాలి. పేరు విషయంలో ఇంత శ్రద్ధ పెట్టే సెంటర్లు తక్కువ. మన వైపు పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది, కొందరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడే ఖాళీ. అలా ఖాళీ ఉంటే పేరంతా సర్‌నేమ్‌లో రాసి, గివెన్ నేమ్ దగ్గర ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు అని అర్థం) అని పెట్టాలి. ఇది వీళ్లకి అడక్కుండానే తెలుసు. గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు, పాత ఉద్యోగాల తేదీలు ముందే కాగితం మీద రాయించుకుంటారు. 20 నిమిషాలు కదలిక లేకపోతే ఫారం మూసుకుపోతుంది కాబట్టి అప్లికేషన్ ఐడీ రాసి చేతికిస్తారు. 205 డాలర్ల వీసా ఫీజు వేరు, తమ చార్జీ వేరు అని రసీదులోనే చూపిస్తారు.

లోపం ఎక్కడంటే, పని తొందరగా అవుతుందని పాత డీఎస్-160 తెరిచి తేదీలు మార్చడం. కంపెనీ మారినవాళ్లకి ఇది చేటు. ఫారంలో పిటిషన్ (కంపెనీ తన ఉద్యోగి కోసం అమెరికా ప్రభుత్వానికి వేసే దరఖాస్తు) నంబరు, అది వేసిన కంపెనీ పేరు అడుగుతారు. అక్కడ కొత్త ఐ-797 (పిటిషన్‌కి ప్రభుత్వం పంపే నోటీసు) మీద ఉన్న నంబరు, మూడు ఇంగ్లిషు అక్షరాలూ పది అంకెలూ, పడాలి. పాతది ఉండిపోతే ఇంటర్వ్యూలో చెప్పే కంపెనీ ఒకటి, ఫారంలో ఇంకొకటి అవుతుంది. సరిదిద్దాలంటే కొత్త ఫారం, కొత్త బార్‌కోడు, దాన్ని మళ్లీ అపాయింట్‌మెంట్‌తో కలపడం. సబ్మిట్ నొక్కకముందు ప్రింటు తీయించి, ఆ ఒక్క నంబరూ వేలు పెట్టి చూసుకోండి.

గోడ మీద బోర్డులో ఇంకా డ్రాప్‌బాక్స్ అనే ఉంది. అది తీసేయాలి. 2025 సెప్టెంబరు 2 నుంచి హెచ్-1బి వాళ్లకి అలా ఇంటర్వ్యూ లేకుండా స్టాంపింగ్ (పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం) దాదాపు లేదు. వేలిముద్రలకి ఒక రోజు, నానక్‌రామ్‌గూడలో ఇంటర్వ్యూకి ఇంకో రోజు లెక్క వేసుకోవాలి. ఆ ఏడాది డిసెంబరు 15 నుంచి సోషల్ మీడియా పరిశీలన హెచ్-1బికీ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4కీ పెట్టాక ఆ నెల అపాయింట్‌మెంట్లు చాలావరకు నెలల తర్వాతికి వాయిదా పడ్డాయి. స్టాంపు గడువు అయిపోయినవాళ్లు పండక్కి మూడు వారాల సెలవు పెట్టి వచ్చి స్టాంపు వేయించుకుని వెళ్లిపోదాం అనుకోవడం ఇప్పుడు ఉద్యోగంతో ఆడుకోవడమే. ఆ సంగతి సెంటరువాళ్లు టికెట్టు తీసేముందే చెప్పాలి.

స్లాటు కోసం పాస్‌వర్డు అడుగుతారు. ఇవ్వకండి. రోజంతా లాగిన్ అవుతుంటే ఖాతా లాక్ అవుతుంది, ఆ నష్టం మీ పిల్లలదే. మీరు ఫోన్లో తెరిస్తే పక్కన కూర్చుని చూపించమంటే చూపిస్తారు.

ఇక అసలు విషయం. టికెట్టు కౌంటరులో అడిగే ప్రశ్న ఒక్కటే: “స్టాంపు డేటు ఉందాండి? ఉంటే ఇంకేంటండి, వచ్చేయమనండి.” ఈ జవాబు సగమే నిజం. స్టాంపు అమెరికా గుమ్మం దాకా వెళ్లడానికి. లోపల ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పేది ఐ-94. ఏ కంపెనీలో పని చేయొచ్చో చెప్పేది పిటిషన్. ఈ మూడూ వేర్వేరు తేదీలతో నడుస్తాయి.

కొత్త కంపెనీ పిటిషన్ అమెరికాలో ఉండగానే ఎక్స్‌టెన్షన్‌తో (అక్కడ ఉండే గడువు పొడిగింపుతో) సహా ఆమోదం పొంది ఉంటే కౌంటరు మాట సరే. స్టాంపు మీద పాత కంపెనీ పేరున్నా గడువు ఉన్నంతకాలం చెల్లుతుంది. కొత్త ఐ-797 అసలు కాగితం, ఉద్యోగ ధ్రువీకరణ లేఖ, ఈమధ్య జీతం స్లిప్పులు దగ్గర పెట్టుకుంటే చాలు.

పిటిషన్ ఇంకా పెండింగులో ఉంటే లెక్క మారిపోతుంది. కొత్త కంపెనీ ఆ పిటిషన్ (ట్రాన్స్‌ఫర్) దాఖలు చేయగానే అందులో చేరిపోవచ్చు, అది నిజమే. దాంతో చాలామంది ప్రయాణం కూడా చేసేయొచ్చు అనుకుంటారు. పాత పిటిషన్, స్టాంపు రెండూ గడువులో ఉంటే రసీదు చూపించి తిరిగి వెళ్లే దారి లేకపోలేదు. పాత పిటిషన్ గడువు దాటితే మాత్రం ఆమోదం వచ్చేదాకా ఇక్కడే ఆగాలి. దీనికి తోడు 2025 సెప్టెంబరు 21న కొత్త హెచ్-1బి పిటిషన్ల మీద లక్ష డాలర్ల ఫీజు వచ్చింది. అమెరికాలో ఉన్న మనిషికి ఎక్స్‌టెన్షన్ మంజూరైతే ఆ ఫీజు వర్తించదని, మంజూరు కాకపోతే వర్తిస్తుందని పిటిషన్లు చూసే అమెరికా ప్రభుత్వ శాఖ యూఎస్‌సీఐఎస్ అక్టోబరు 20న చెప్పింది. మంజూరయ్యాక దేశం దాటి వచ్చి, అదే పిటిషన్ మీద తిరిగి వెళ్తే ఫీజు లేదు. నిర్ణయం రాకముందే విమానం ఎక్కితే ఎక్స్‌టెన్షన్‌కే ముప్పు. అందుకే ప్రీమియంలో (అదనపు ఫీజుతో తొందరగా తేల్చే పద్ధతిలో) వేయించి ఆమోదం చేతికొచ్చాకే టికెట్టు తీయాలి. అక్కడా 15 పనిదినాలు, క్యాలెండర్ రోజులు కావు. మధ్యలో అదనపు పత్రాలు అడిగితే, మనం జవాబిచ్చాక ఆ లెక్క మళ్లీ మొదలవుతుంది.

ఉద్యోగం పోయాక ఇంకోటి వెతుక్కోవడానికి ఇచ్చే 60 రోజుల గడువులో ఉన్నవాళ్లకి కౌంటరులో “రెండు నెలలుంది కదండీ” అంటారు. ఇది పూర్తిగా తప్పు. ఆ గడువు అమెరికాలో ఉన్నవాళ్లకే, అదీ ఐ-94 అంతకుముందే అయిపోకపోతేనే. దేశం దాటితే మిగిలిన రోజులు పోయినట్టే.

కోడలి కాగితాలు అసలు అడగరు. ఆమె హెచ్-4 ఎక్స్‌టెన్షన్ పెండింగులో ఉండగా ఇండియా వస్తే ఆ దరఖాస్తుకి ముప్పు రావచ్చు. చెల్లే హెచ్-4 స్టాంపు, భర్త కొత్త ఐ-797 నకలు ఉంటే వాటితో తిరిగి వెళ్లి కొత్త ఐ-94 తీసుకోవచ్చు. స్టాంపు లేకపోతే ఆమె ఇక్కడ స్లాటు కోసం ఆగిపోతుంది, ఆయన అక్కడ.

పాస్‌పోర్టు గడువు చూడటం కూడా వీళ్ల అలవాటులో లేదు. పిటిషన్ మూడేళ్లకి వచ్చినా పాస్‌పోర్టు ఏడాదిలో అయిపోతే ఐ-94 కూడా ఏడాదికే ఇచ్చేయొచ్చు. ఊళ్లోనే పాస్‌పోర్టు సేవాకేంద్రం ఉంది కాబట్టి వచ్చిన మొదటి వారంలోనే రెన్యువల్‌కి పెట్టడం మంచిది. స్టాంపు ఉన్న పాత పాస్‌పోర్టు మూల కత్తిరించి ఇచ్చినా స్టాంపు చెడకపోతే చాలు, రెండూ కలిపి తీసుకెళ్లాలి. అమెరికాలో దిగిన రోజే సీబీపీ (అక్కడి సరిహద్దు తనిఖీ శాఖ) వెబ్‌సైట్లో ఐ-94 తెరిచి, చివరి తేదీ కొత్త ఐ-797తో సరిపోయిందో లేదో చూడాలి. పాత పిటిషన్ తేదీ వేసి ఉంటే, చేతిలో ఉన్న ఆమోదంలో తేదీ ఎక్కువున్నా ఆఖరున ఇచ్చిన ఐ-94దే చెల్లుబాటు. వెంటనే కంపెనీ లాయరుకి పంపాలి.

ఫారాలకి అయిదులో నాలుగు, స్లాటుకి మూడు, ప్రయాణం సలహాకి ఒకటి. సెంటరుకి వెళ్లేటప్పుడు పిల్లల దగ్గర్నుంచి కొత్త ఐ-797, పాత ఐ-797, ఐ-94, స్టాంపు పేజీ, పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు తెప్పించుకోండి. ఐ-797లో ఆమోదం అని ఉందో, రసీదు అని ఉందో మీరే చదవండి. రసీదు అని ఉంటే ఆ రోజు ఫారం పని చూసుకుని టికెట్టు తీయకుండా ఇంటికి వచ్చేయండి.