నాలుగేళ్లుగా లింగ్విస్ట్ వాడుతున్నాను

వేరేవాళ్లు రాసిన పాత ప్రాజెక్టులను చేతికి తీసుకుని నడిపించడం నా పని. ఫోల్డర్ రాగానే అందులోకి వెళ్లి మొదట కొట్టే కమాండ్ గితబ్-లింగ్విస్ట్. ప్రాజెక్టులో ఏ ప్రోగ్రామింగ్ భాష ఎంత ఉందో చెప్పే లింగ్విస్ట్ టూల్‌ని నడిపే కమాండ్ ఇది. జావా ఎంత, జావాస్క్రిప్ట్ ఎంత, ఏ మూలనైనా షెల్ స్క్రిప్టులు దాగున్నాయా అన్నది దాంతో తేలిపోతుంది. కోడ్ దాచుకునే గితబ్ సైట్‌లో ప్రాజెక్టు పేజీ మీద కనిపించే, భాషల వాటా చూపే రంగుల పట్టీని లెక్కగట్టేది కూడా రూబీ భాషలో రాసిన ఈ లైబ్రరీయే. ఎంఐటీ లైసెన్సుతో వస్తుంది కాబట్టి మన మెషీన్‌లోనే ఉచితంగా నడుపుకోవచ్చు.

కొత్తగా వాడేవాళ్లు ముందు తెలుసుకోవలసింది ఒకటుంది. అది చూపించే శాతాలు లైన్లను బట్టి కాదు, బైట్లను బట్టి. ఒకసారి దాదాపు పనంతా పైథాన్‌లోనే జరిగిన ప్రాజెక్టు వచ్చింది. లింగ్విస్ట్ మాత్రం తొంభై శాతానికి పైగా జూపిటర్ నోట్‌బుక్ (కోడ్, దాని ఫలితాలు కలిసి ఉండే ఫైల్) అంది. నోట్‌బుక్‌లో గీసిన గ్రాఫులు బొమ్మలుగా ఆ ఫైల్లోనే సేవ్ అవుతాయి, ఆ బరువంతా లెక్కలోకి వచ్చేసింది. ఫైళ్లకు సెట్టింగులు రాసే డాట్ గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్లో ఒక్క లైన్ రాసి నోట్‌బుక్‌లను లెక్కలోంచి తీసేయొచ్చు. నేను రాశాను, అంకె కదల్లేదు. అరగంట టెన్షన్ పడ్డాక అర్థమైంది: లింగ్విస్ట్ చదివేది గిట్‌లో కమిట్ చేసిన (అంటే మార్పుల చరిత్రలోకి ఎక్కించిన) దాన్ని, కళ్లముందున్న ఫోల్డర్‌ని కాదు. కమిట్ చేశాక సరైన లెక్క వచ్చింది.

రెండోది డేటాబేస్‌లను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్. మామూలు ఎస్‌క్యూఎల్ ఫైళ్లను ఇది డేటా కింద కడుతుంది. డేటా, సెట్టింగులు రాసే జేసన్, యామల్ ఫైళ్లు కూడా అంతే. శాతాల్లోకి వచ్చేవి ప్రోగ్రామింగ్, మార్కప్ భాషలు మాత్రమే. రిపోర్టు క్వెరీలు వందల్లో ఉన్న ప్రాజెక్టుకు ఈ అంకెలు చూసి రోజులు అంచనా వేస్తే తప్పుతుంది. అలాంటి చోట ఎస్‌క్యూఎల్ ఫైళ్లు లెక్కలోకి వచ్చేలా అదే గిట్‌యాట్రిబ్యూట్స్ ఫైల్లో వాటికి లింగ్విస్ట్-డిటెక్టబుల్ అని రాసుకుంటాను.

ఏ ఫైల్ ఏ భాషో గుర్తుపట్టే విషయంలో మాత్రం దీన్ని గట్టిగా నమ్ముతాను. ఫైల్లో ఎడిటర్ కోసం రాసిన మోడ్‌లైన్, ఫైల్ పేరు, మొదటి లైన్‌లోని షెబాంగ్ (స్క్రిప్టును ఏ ప్రోగ్రామ్‌తో నడపాలో చెప్పే గుర్తు), ఆ తర్వాత ఎక్స్‌టెన్షన్ చూస్తుంది. అప్పటికీ తేలకపోతే లోపలి కోడ్‌ని నియమాలతో పోల్చి చూస్తుంది, చివరికి నమూనా కోడ్‌ను బట్టి భాషను ఊహించే క్లాసిఫయర్‌ని అడుగుతుంది. డాట్ పీఎల్ ఉన్న ఫైల్ పెర్ల్ కావచ్చు, ప్రోలాగ్ కావచ్చు. డాట్ ఎచ్ అయితే సీ, సీ ప్లస్ ప్లస్, ఆబ్జెక్టివ్-సీ మూడిట్లో ఏదైనా కావచ్చు. ఎక్స్‌టెన్షన్ లేకుండా సర్వర్లలో పడి ఉండే స్క్రిప్టులను షెబాంగ్ చూసి పట్టుకోవడం నాకు చాలాసార్లు పనికొచ్చింది. బ్రేక్‌డౌన్ ఆప్షన్ ఇస్తే ఏ భాషలో ఏయే ఫైళ్లున్నాయో జాబితా వస్తుంది. నిజం చెప్పాలంటే నాకు శాతాలకన్నా ఆ జాబితాయే ముఖ్యం.

ఇన్‌స్టాల్ దగ్గర కొంచెం ఓపిక కావాలి. రూబీ ఒక్కటే ఉంటే చాలదు, సాఫ్ట్‌వేర్ బిల్డ్ చేసే సీమేక్, యూనికోడ్ అక్షరాలను చూసుకునే ఐసీయూ లైబ్రరీ కూడా ఉండాలి. నేను ఇవన్నీ ముందే వేసి ఉంచిన డాకర్ ఇమేజ్ (ఎక్కడైనా నడిపే రెడీమేడ్ ప్యాకేజీ) చేసి పెట్టుకున్నాను. గిట్ లేకుండా జిప్‌లో వచ్చిన ఫోల్డర్లకు గో భాషలో ఉన్న ఎన్రీ వాడతాను. లింగ్విస్ట్ భాషల సమాచారాన్నే తీసుకుని తయారుచేసిన టూల్ అది, కమిట్ అవసరం లేకుండా ఫోల్డర్‌ని నేరుగా చదువుతుంది.