ఒకే బల్బా, వేడికొకటి యూవీకొకటా? బెంగళూరులో బియర్డెడ్ డ్రాగన్ అనే పెంపుడు బల్లికి ఏది మేలు?

నాలుగడుగుల పొడవు, రెండడుగుల ఎత్తున్న ట్యాంకుకైతే వేడికి హాలోజన్ బల్బు, యూవీబీకి (ఎముకల కోసం దానికి కావాల్సిన అతినీలలోహిత కిరణాలు) టీ5 అనే సన్న ట్యూబ్‌లైటు విడివిడిగా కొనడమే మేలు.

రెండూ తనే ఇచ్చే మెర్క్యురీ వేపర్ బల్బుతో ఒక్క హోల్డర్‌తో పని అయిపోతుంది, నిజమే. చిక్కంతా ఏప్రిల్‌లో. మధ్యాహ్నం బయట 35 డిగ్రీలు తగులుతుంటే ట్యాంకులో వేడి తగ్గించాలి కదా? ఈ బల్బుకు డిమ్మర్ పనికిరాదు. పైకి జరిపితే వేడితోపాటు యూవీబీ కూడా పడిపోతుంది. పైగా కరెంటు పోయి వస్తే, బల్బు చల్లారేదాకా మళ్లీ వెలగదు.

విడిగా పెడితే 50 లేదా 75 వాట్ల హాలోజన్ ఫ్లడ్ బల్బును డిమ్మింగ్ థర్మోస్టాట్‌కు (వేడిని బట్టి బల్బును తనే తగ్గించే, పెంచే పరికరం) తగిలించి, డ్రాగన్ వేడి కాచుకునే రాయి పైభాగం 38 నుంచి 42 డిగ్రీల మధ్య ఉండేలా చూసుకోవచ్చు. యూవీబీ మాత్రం మారదు.

ట్యూబ్ విషయంలో బ్రాండ్ కంటే దూరం ముఖ్యం. రిఫ్లెక్టర్ ఉన్న 12 శాతం (పెట్టె మీద రాసే యూవీబీ శాతం) టీ5 అయితే, మధ్యలో ట్యాంకు మూత జాలీ లేనప్పుడు డ్రాగన్ వీపుకు సుమారు 40 సెంటీమీటర్లు ఉండాలి. జాలీ యూవీబీలో మూడో వంతో, ఇంకా ఎక్కువో తినేస్తుంది కాబట్టి అప్పుడు 30కి దించాలి. అద్దం అడ్డుంటే యూవీబీ దాదాపు రాదు. వీపు దగ్గర యూవీ ఇండెక్స్ (యూవీ తీవ్రతను కొలిచే అంకె) 3 నుంచి 5 ఉంటే చాలు. హాలోజన్, ట్యూబ్ రెండూ ఒకే వైపు, పైనుంచే పడాలి. పక్కనుంచి పడితే కళ్లు దెబ్బతింటాయి. వెలుతురు బాగానే ఉన్నా ఏడాదికి ట్యూబ్ మార్చేయండి. యూవీబీ తగ్గినా మన కంటికి తెలియదు. దవడ మెత్తబడ్డాకే తెలుస్తుంది, అప్పటికి ఎముకలు పాడై ఉంటాయి. చుట్టల కాంపాక్ట్ బల్బు వెలుగు చిన్న చోటే పడుతుంది, ఇంత ట్యాంకుకు చాలదు.

బాల్కనీ ఎండ ఏ ట్యూబ్ కన్నా మంచిదే. ఉదయం ఎండలో ఇరవై నిమిషాలు, ఒక మూల నీడ ఉన్న జాలీ పంజరంలో పెట్టండి. పైన కప్పు తప్పనిసరి, ఈ ఊళ్లో గద్దలు ఎక్కువ. అద్దాల ట్యాంకును మాత్రం ఎండలో పెట్టకండి, కాసేపట్లోనే ప్రాణం మీదికొస్తుంది. వానాకాలం మబ్బుల్లో ఈ ఎండ దొరకదు, ట్యూబే దిక్కు.

డిసెంబరు రాత్రుల్లో గది 18 డిగ్రీల కిందికి దిగితే థర్మోస్టాట్‌తో, వెలుగు లేకుండా వేడి మాత్రమే ఇచ్చే సిరామిక్ హీటర్ పెట్టండి. ఎర్ర బల్బు వద్దు, నిద్ర చెడుతుంది. సిరామిక్‌కూ హాలోజన్‌కూ పింగాణీ హోల్డరే వాడాలి, ప్లాస్టిక్‌ది కరిగిపోతుంది. బయటి దేశం నుంచి తెప్పిస్తే పెట్టె మీద 230 వోల్టులని ఉందో లేదో చూడండి. అమెరికా బల్బు 120ది, మన కరెంటుకు తగిలించగానే మాడిపోతుంది.